నీలిమందు కలిపిన గోడ

ఆ వేసవి అంతా చర్చి తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. సంఘంలో మిగతావాళ్లు ఇరవై ముప్ఫై మైళ్ల నుంచి ఆదివారాలు కార్లలో వచ్చేవాళ్లు. మా ఇల్లు మాత్రం చర్చికి రెండు వీధుల అవతలే. పైగా మావారు లెవి సంఘ కార్యదర్శి. అందుకని రోజూ పొద్దున్న ఆరున్నరకి తలుపు తీసే పని నాకు వచ్చింది.

తీయాల్సింది మెట్రోవాళ్ల కోసం. ఊరి కింద సొరంగం తవ్వుతున్నారు. పడమటి స్టేషన్ నుంచి నది దాకా మూడు మైళ్లు, ఎనభై అడుగుల లోతున. ఆ దారి మా చర్చి కిందుగా వెళ్తుంది. మెషిన్ దగ్గరికి వస్తున్నప్పుడూ, దాటి వెళ్లిపోయాకా కూడా భవనం ఎంత కుంగిందో రోజూ ఒక మనిషి వచ్చి కొలవాలి. మే నెల మొదటి రోజున వచ్చిన ఆ మనిషి ఆరెంజ్ కోటు వేసుకుని, తెల్ల హెల్మెట్ పెట్టుకుని, భుజాన మూడుకాళ్ల స్టాండు మోసుకొచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి బూట్ల తాళ్లు విప్పుకోసాగాడు. అక్కర్లేదని ఇంగ్లీషులో చెప్పాను. పనిలో ఉండగా బూట్లు తీయకూడదని కంపెనీ రూలు ఉందని అతనూ ఇంగ్లీషులోనే ఒప్పుకున్నాడు. తర్వాత బోర్డు మీది తెలుగు అక్షరాల వంక చూసి అన్నాడు.

"దేవుని జాగ కదక్కా. ఎట్ల తొక్కుత?"

శశికాంత్‌ది కరీంనగర్ వైపు. ముప్ఫై ఒకటో రెండో ఉంటాయి. భార్య విజయశ్రీ, మూడేళ్ల కొడుకు శ్రేయాస్. రోజూ ఆ ఇనుప మూతి బూట్లు చంకలో పెట్టుకుని మేజోళ్లతో ప్రార్థన హాలు దాటి, బేస్‌మెంట్ ఆఖరి మెట్టు మీద కూర్చుని మళ్లీ తొడుక్కునేవాడు. బేస్‌మెంట్ గోడలకి నాలుగు చోట్ల కొలత గుర్తులుగా ఇత్తడి బొడిపెలు బిగించి ఉన్నాయి. వాటి ఎత్తు చూసి ఫోన్‌లో అంకె వేసుకునేవాడు. పావుగంట పని. తర్వాత నేను ఫ్లాస్కులో తెచ్చిన కాఫీ తాగి వెళ్లేవాడు. భవనం ఆరు మిల్లీమీటర్లు కుంగిందంటే కింద మెషిన్ ఆపేయాలని, ఆ ఆపే అంకె రాసేది తనేనని ఒకసారి చెప్పాడు. గొప్పగా చెప్పలేదు, కాస్త భయంగానే చెప్పాడు.

ఆ మెషిన్‌కి బడిపిల్లలు ఓట్లు వేసి ఎడిత్ అని పేరు పెట్టారు. మా అత్తయ్య జ్ఞానమ్మగారికి ఆ పేరు నోరు తిరగక కాదు గాని, ముక్కూమొహం తెలియని ఆడమనిషిని పేరుపెట్టి పిలవడం ఆవిడకి మర్యాదగా అనిపించలేదు. నేను ఇంటికి రాగానే అడిగేవారు.

"ఆవిడ ఎక్కడిదాకా వచ్చింది?"

"లైబ్రరీ దాటిందట అత్తయ్యా."

"రోజుకి ఎంత నడుస్తుంది?"

"యాభై అడుగులు."

"నాకంటే నయమే."

అత్తయ్యకి డెబ్బై తొమ్మిది. నరసాపురంలో మిషన్ బడి హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై మా దగ్గరికి వచ్చేశారు. మోకాళ్లు రెండూ పోయాయి. వీధి నుంచి చర్చి గుమ్మానికి పదకొండు మెట్లు. ఆ మెట్లు ఆవిడ కూర్చుని ఎక్కేవారు. వీధివైపు తిరిగి, చీర కుచ్చిళ్లు కాళ్ల మధ్య సర్దుకుని, చేతులు వెనక మెట్టు మీద ఆనించి ఒక్కొక్క మెట్టూ పైకి జరిగేవారు. చెయ్యి పట్టుకోనిచ్చేవారు కాదు. వెనక వచ్చేవాళ్లు పక్కకి తప్పుకుని, ఏదో గుర్తొచ్చినట్టు ఫోన్లు చూసుకునేవాళ్లు. లెవి కింద మెట్టు దగ్గర నిలబడి, తల్లి పైకి చేరేదాకా కదిలేవారు కాదు. లిఫ్ట్ పెట్టించాలని ఏడేళ్లుగా ప్రతి వార్షిక సభలోనూ ఆయన లేచి అడిగారు. వచ్చే ఏడు చూద్దామని ప్రతిసారీ రాసుకున్నారు.

డిసెంబర్ సంగతి ఇక్కడే చెప్పాలి. క్రిస్మస్ ముందు సున్నాలు వేయకుండా పండగ చేసుకోవడం మా ఆడవాళ్లకి చేతకాదు. అమెరికా వచ్చాక సున్నం పోయి పెయింటు డబ్బాలు వచ్చాయి, అంతే. స్త్రీల సమాజం తరఫున పదిమందిమి ఒక శనివారం బేస్‌మెంట్ గోడలన్నీ కడిగి తెల్లరంగు వేశాం. వీధివైపు గోడకి కిటికీ కింద నుంచి నేలదాకా ఏటవాలుగా పెన్సిల్ దూరేంత పగులు ఉండేది. మేం చర్చి కొనకముందు నుంచీ ఆ పగులు ఉంది. అత్తయ్య స్టూల్ మీద కూర్చుని ఆ పగుల్లోకి లప్పం దట్టించి, చాకుతో చదును చేశారు. నరసాపురం నుంచి తెచ్చుకున్న, బట్టలకి పెట్టే నీలిమందు లప్పంలోనూ రంగులోనూ కూడా కలిపారు. నీలిమందు కలపని తెలుపు రెండు నెలల్లో పచ్చబడుతుందని ఆవిడ నమ్మకం. పూయకముందు ఒకటీ పూశాక ఒకటీ నేను ఫోటోలు తీసి సంఘం వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను. ముప్ఫై నలభై దండాల బొమ్మలు వచ్చాయి.

జనవరిలో మెట్రో తరఫున కెమెరాతో ఇద్దరు వచ్చారు. తవ్వకం మొదలయ్యేముందు ప్రతి భవనం ఎలా ఉందో ఫోటోలు తీసుకోవడం వాళ్ల పద్ధతి. ఈ వీధిలో ఇంత శుభ్రమైన బేస్‌మెంట్ చూడలేదన్నారు. నేను ఆ మాట ఇంటికి మోసుకొచ్చాను. అత్తయ్య రెండు రోజులు దాని గురించే మాట్లాడారు.

జూన్ పదమూడున, శుక్రవారం, తెల్లారకముందే బయల్దేరి ఆష్‌బర్న్ వెళ్లాం. మా ఆడపడుచు కూతురు నమ్రత గ్రాడ్యుయేషన్. ఆరున్నరకి హైవే మీద ఉండగా శశికాంత్ ఫోన్ చేశాడు. అప్పుడు గుర్తొచ్చింది, తాళంచెవి నా ఒళ్లో ఉన్న బ్యాగులోనే ఉందని. రెండో తాళంచెవి పాస్టర్ దైవాశీర్వాదం గారి దగ్గర ఉంటుంది గాని, ఆయన ఆ వారం అరోరాలో ప్రార్థన కూటాలకి వెళ్లారు. నేను నొచ్చుకున్నాను.

"ఏం కాదక్కా. నేను చూసుకుంట. మీరు మంచిగ పోయి రాండ్రి."

బయటినుంచి కొలుచుకుంటాడేమో అనుకున్నాను. సోమవారం మామూలుగా వచ్చాడు, నేనూ అడగలేదు.

ఆగస్టు మొదటి ఆదివారం ఎడిత్ మా కిందికి వచ్చింది. ఆ రోజు ప్రభువు బల్ల. పాస్టర్ గారు ప్రార్థన చేస్తుండగా ట్రేలో ద్రాక్షరసం పోసిన చిన్న గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగడం మొదలుపెట్టాయి. నాలుగిళ్ల అవతల ఎవరో మిక్సీ వేసినట్టు అరికాళ్లకి ఒక రొద తగిలింది. పాస్టర్ గారు కళ్లు తెరిచి ట్రే వంక చూసి, మళ్లీ మూసుకుని గొంతు పెంచారు. అత్తయ్య నా చెవిలో "వచ్చింది" అన్నారు. ముందు వరుసలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వాళ్ల భుజాలు కదలడం నాకు కనబడింది.

మంగళవారం పొద్దున్న లైటు వేసేసరికి గోడ మొదట్లో లప్పం పెచ్చులు రాలి ఉన్నాయి. రంగు చుట్టలు చుట్టుకుని ఊడింది. కిటికీ కింద నుంచి నేలదాకా పగులు ఎప్పటిలాగే ఉంది. శశికాంత్ దాన్ని చూసి ఇత్తడి బొడిపెలు మూడుసార్లు కొలిచాడు. మూడుసార్లూ మూడు మిల్లీమీటర్లే వచ్చింది. జేబులోంచి పెన్సిల్ తీసి పగులు పై కొసన ఒక అడ్డగీత గీసి తేదీ వేశాడు, కింది కొసన కూడా. రేపు గీత దాటిందంటే పెరుగుతున్నట్టు, లేదంటే ఆగినట్టు అని నాకు చెప్పి, ఫోన్ తీసి ఎవరికో చెప్పడం మొదలుపెట్టాడు. కొత్తదో పాతదో ఇంజనీర్లకి తెలియకుండా ఉంటుందా అనుకుని నేను కాఫీ గ్లాసు కడుక్కోవడానికి పైకి వెళ్లాను. పగులు ఆ గీతలు ఎప్పుడూ దాటలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక బేస్‌మెంట్‌లోనే కమిటీ కూర్చుంది. ఆరుగురు మగవాళ్లు. డిసెంబర్‌లో రంగులు వేసిన రోజు వాళ్లంతా బిర్యానీ వేళకి వచ్చినవాళ్లే. సొరంగం వల్ల పునాది దెబ్బతిన్నదని మెట్రోకి క్లెయిమ్ పెట్టాలన్నారు. పునాది పని ఎలాగూ చేస్తారు కాబట్టి, అందులోనే లిఫ్ట్ కూడా అడగొచ్చని ఒకాయన అన్నాడు. లెవి తలెత్తి చూశారు. కాగితం తెచ్చి గీయడం మొదలుపెట్టారు. లిఫ్ట్ ఎక్కడ వస్తుంది, తలుపు ఎటు తెరుచుకుంటుంది. ఏడేళ్లలో ఆయన ముఖం అలా విప్పారడం నేను చూడలేదు. వడ్డించడానికి నిలబడ్డ ఆడవాళ్లం ఐదుగురం ఉన్నాం. ఐదుగురమూ డిసెంబర్‌లో ఆ గోడ కడిగినవాళ్లమే. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నా చేతిలో సాంబారు గిన్నె ఉంది.

క్లెయిమ్ వెళ్లాక మెట్రోవాళ్లు లెక్క వేసుకున్నారు. భవనం మూడు మిల్లీమీటర్లు కుంగితే ఏడు మిల్లీమీటర్ల పగులు రాదు. పగులు పాతదైనా అయి ఉండాలి, అంకెలు అబద్ధమైనా అయి ఉండాలి. జనవరి ఫోటోలో గోడ తెల్లగా, నున్నగా ఉంది. ఇక మిగిలింది అంకెలు. చర్చి అలారం రికార్డు పంపమన్నారు, తలుపు ఏ రోజు ఎన్ని గంటలకి తెరిచారో అందులో ఉంటుంది. కార్యదర్శిగా లెవి పంపారు. జూన్ పదమూడున తలుపు తెరవలేదు. శశికాంత్ రికార్డులో ఆ రోజుకి అంకె ఉంది. ముందురోజు అంకె.

ఎంక్వయిరీ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు అతన్ని. దొంగ అంకెలు రాశాడని తేలితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే హెచ్-వన్ వీసా మీద ఉన్నవాడికి అరవై రోజులు. ఆ లోపల ఇంకొకరు తీసుకోకపోతే భార్యనీ పిల్లాణ్ణీ తీసుకుని దేశం వదిలి వెళ్లాలి. దొంగ అంకెలు రాశాడన్న పేరున్న సర్వేయర్‌ని అరవై రోజుల్లో ఎవరు తీసుకుంటారు.

ఒక శనివారం సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. చివరి రోజు నా ఫ్లాస్కు అతని వ్యాన్‌లో ఉండిపోయిందట. గుమ్మంలో బూట్లు విప్పబోయి, అవి మామూలు చెప్పులని గుర్తొచ్చి వదిలేసి వచ్చి కూర్చున్నాడు. జూన్ పదమూడు సంగతి నేనే ఎత్తాను.

"ఆ రోజు నన్ను ఒక్క మాట అనాల్సింది. తాళం నా దగ్గరుందని చెప్తే సరిపోయేది కదా."

"తలుపు తియ్యలేదని రాస్తే మీ చర్చికి లెటర్ పోతదక్కా. పోనీ అని నిన్నటి అంకె వేసిన. అది నా తప్పే, నేను కాదంటలేను." ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చున్నాడు. "డెబ్బై ఎనిమిది రోజులు కొలిచిన. డెబ్బై ఏడు నా కండ్లతోటి చూసినవే."

అతను మూత బిగించి బల్ల మీద పెట్టాడు.

"ఆ గోడ ముందు ఎట్లుండె అక్కా?"

"కాఫీ తాగి వెళ్లు," అన్నాను.

తాగాడు. మళ్లీ అడగలేదు. వెళ్లేటప్పుడు శ్రేయాస్‌కని అత్తయ్య ఇచ్చిన జంతికలు రెండు చేతులతో అందుకున్నాడు.

అతను వెళ్లాక ఫోన్ తీసి గ్రూప్‌లో డిసెంబర్ దాకా వెనక్కి వెళ్లాను. పూశాక తీసిన ఫోటో ఉంది. పూయకముందుది లేదు. ఆ చోట అడ్మిన్ లెవి ఈ మెసేజ్ డిలీట్ చేశారని సన్నటి అక్షరాలున్నాయి. నా ఫోన్ మార్చిలో మార్చాను. పాత ఫోటోలు రాలేదు.

వంటింట్లో ఆయన మరునాటి కూరకి బీన్స్ తుంచుతున్నారు. శనివారం రాత్రుళ్లు ఆయన చేసే పని అది.

"ఫోటో ఎందుకు తీసేశారండీ?"

ఆయన బీన్స్ తుంచడం ఆపలేదు. "మెషిన్ వెళ్లకపోతే ఆ లప్పం రాలిపోయేదా?"

"రాలిపోయేది కాదేమో. పగులు మాత్రం ముందునించీ ఉన్నదేగా."

"పునాది కదిలిందా లేదా? కదిలింది. నేను లేనిది అడగట్లేదు." ఇంకో నాలుగు బీన్స్ చేతిలోకి తీసుకున్నారు. "అమ్మ ఆ మెట్లెక్కుతుంటే వెనక నిలబడేది నేను, ప్రిస్సిల్లా. నువ్వు తాళం తియ్యడానికి ముందు వెళ్లిపోతావు."

"మరి ఆ అబ్బాయి?"

"ఆ రోజు అతను రాసింది అబద్ధమే కదా."

"ఆ రోజు తాళం నా బ్యాగులో ఉంది. మీ పక్క సీట్లో కూర్చున్నాను."

ఆయన గిన్నె తీసుకెళ్లి సింకులో పెట్టి నీళ్లు వదిలారు. నీళ్ల చప్పుడు ఎక్కువసేపే వినిపించింది. అత్తయ్య గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల లైటు వెలుగుతోంది. మర్నాడు ఆవిడని అడిగాను, మనం పూసిన సంగతి చెప్పాలా అని. ఆవిడ బైబిల్లోంచి తల ఎత్తకుండానే జవాబిచ్చారు.

"నన్ను ఎవరూ అడగలేదే."

సెప్టెంబర్ మూడో గురువారం చర్చిలోనే ఎంక్వయిరీ. క్లెయిమ్స్ ఆఫీసరు నెరిసిన జుట్టు ఆవిడ. వెంట ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. మా వైపు నుంచి పాస్టర్ గారు, లెవి, ఇంకో కమిటీ సభ్యుడు. తలుపు తీయడానికి, టీ ఇవ్వడానికి నేను. ఇంట్లో ఒక్కదాన్నీ ఏం చేస్తానని అత్తయ్య కూడా బయల్దేరారు. మేం చేరేసరికి ఆఫీసరు కారు దిగుతోంది. అత్తయ్య మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కటే జరుగుతుంటే ఆవిడ కింద నిలబడి ఫైలు గుండెలకి హత్తుకుని చూసింది. లెవి ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. అత్తయ్యని ప్రార్థన హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి మిగతావాళ్లం కిందికి దిగాం.

ఆఫీసరు జనవరి ఫోటోని గోడ పక్కన పట్టుకుని చూసింది. మర్యాదగా, తొందర లేకుండా మాట్లాడింది. జనవరిలో పగులు లేదు, ఇప్పుడు ఉంది, అంకెలు దానికి సరిపోవడం లేదు. ఒక రోజు అంకె తప్పని ఇప్పటికే తేలింది. కాబట్టి కొలతలు నమ్మదగినవి కావని ఈ రోజే రాసేస్తామని, క్లెయిమ్ సంగతి దాని తర్వాత తేలుస్తామని చెప్పింది. చర్చి తరఫున ఎవరైనా ఏమైనా చెప్పాలా అని అడిగింది. పాస్టర్ గారు లెవి వంక చూశారు. లెవి తన ఫైల్లో కాగితాలు సర్దుకుంటున్నారు. పైన ఉన్నది లిఫ్ట్ గీసిన కాగితం.

టీ ట్రే ఎక్కడ పెట్టాలా అని చూశాను. సండే స్కూల్ పిల్లల బల్ల మీద పెట్టాను. బ్యాగులోంచి తాళంచెవి తీసి, పగులు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. పైన ఉన్న లప్పం రాలిపోయింది గాని లోపలిది ఇంకా అతుక్కునే ఉంది. చెవి కొన లోపలికంటా పెట్టి గీకితే పొడి రాలింది. పేపర్ ప్లేటులోకి పట్టాను. తెల్లటి ప్లేటులో పొడి లేత నీలంగా ఉంది.

పగులు ముందునించీ ఉందని, క్రిస్మస్ ముందు మేమే పూశామని, మీవాళ్లు ఫోటో తీసింది మా రంగునని ఇంగ్లీషులో చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఫోన్‌లో బ్యాంకువాళ్లతో మాట్లాడుతున్నప్పుడు వచ్చే గొంతు అది.

ఒక ఇంజనీరు నా పక్కన కూర్చుని టార్చి వేసి పగులు లోపలికి చూశాడు. రెండంగుళాల లోతున, రెండు వైపులా లప్పం అంటి ఉంది. లేని పగుల్లోకి లప్పం ఎలా వెళ్తుంది. అతను రెండో ఇంజనీరుని పిలిచి టార్చి అందించాడు.

ఈ నీలం ఏమిటని ఆఫీసరు అడిగింది. నేను జవాబు వెతుక్కుంటుండగా మెట్ల వైపు నుంచి చీర రాసుకుంటున్న చప్పుడు వచ్చింది. అత్తయ్య కూర్చునే, ఒక్కొక్క మెట్టూ కిందికి జరుగుతున్నారు. సగం దాకా వచ్చేశారు. లెవి గబగబా వెళ్లబోతే చేత్తోనే ఆపారు.

"చెప్పు, నీలిమందు కలిపింది నేనని చెప్పు. నువ్వు కాదు, నేను."

చెప్పాను. ఎందుకు కలిపారని ఆఫీసరు అడిగింది. తెలుపు తెల్లగా ఉండటానికి అని చెప్పాను. ఆవిడ అది కూడా రాసుకుంది. పూయకముందు తీసిన ఫోటో ఏదైనా ఉందా అని అడిగింది.

లెవి అప్పటికి మెట్ల దగ్గర ఉన్నారు, తల్లి రెండు మెట్లు పైన. ఆయన నా వంక చూశారు.

"ఇప్పుడు లేదు," అన్నాను.

అవసరం లేదన్నాడు టార్చి ఇంజనీరు. టీలు ఎవరూ తాగలేదు. నేనే తిరిగి పైకి మోసుకెళ్లాను.

ఇంటికి రెండు వీధులే అయినా అత్తయ్య కోసం కారులో వెళ్లాం. మొదటి వీధి దాటాక లెవి అన్నారు.

"నాకు ముందు చెప్పొచ్చుగా."

"చెప్పానుగా."

ఆయన స్టాప్ గుర్తు దగ్గర కావలసినదాని కంటే ఎక్కువసేపు ఆగారు. వెనక సీట్లోంచి అత్తయ్య అడిగారు.

"ఆవిడ ఎక్కడిదాకా వెళ్లింది?"

"నది దగ్గరికి చేరిందటమ్మా," అన్నారు లెవి.

శశికాంత్ పదిరోజుల్లో మళ్లీ పనిలోకి వెళ్లాడు. జూన్ పదమూడు అంకెకి ఒక హెచ్చరిక లెటర్ ఇచ్చి, నదికి అటువైపు తవ్వకానికి మార్చారు. ఫోన్ చేసి చెప్పాడు. కృతజ్ఞతలు చెప్తాడేమోనని నేను ఇబ్బందిపడ్డాను గాని, జంతికలు ఎట్ల చేస్తరో విజయశ్రీ అడుగుతోందని మాత్రం అన్నాడు. ఫోన్ అత్తయ్యకి ఇచ్చాను. మెట్రోవాళ్లు మా గోడకి పగులు పూడ్చి ఇచ్చారు. లిఫ్ట్ ఊసు ఎవరూ ఎత్తలేదు.

లెవి కార్యదర్శి పని మానుకుంటున్నానని నాలుగు లైన్ల మెయిల్ పెట్టారు. కొత్త కార్యదర్శి భార్య వచ్చి తాళంచెవి అడిగి తీసుకెళ్లింది. లోపలికి రమ్మంటే పిల్లలు కారులో ఉన్నారంది. స్త్రీల సమాజం గ్రూప్‌లో నేను ఏది పెట్టినా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. తిట్టి ఉంటే జవాబు చెప్పుకునేదాన్ని. ఆదివారాలు లెవి మమ్మల్ని తీసుకొచ్చేవారు. అత్తయ్య పైకి చేరేదాకా కింద నిలబడి, వెనక్కి వెళ్లి కారులో కూర్చునేవారు. ఫోన్లో ఆ ఆరాధనే లైవ్ పెట్టుకుని వినేవారు. చర్చి నుంచి కారు డెబ్బై అడుగులు ఉంటుంది. లైవ్ అరనిమిషం ఆలస్యంగా వస్తుంది. ఒకసారి మందుల డబ్బా కోసం కారు దగ్గరికి వెళ్తే, లోపల నేను వినేసి వచ్చిన పాటే అక్కడ అప్పుడు మొదలవుతోంది. ఆయన కిటికీ దించి డబ్బా అందించారు. ఇంట్లో మాట్లాడటం మానలేదు. కరెంటు బిల్లు, టైర్లు, అమ్మ డాక్టరు. బీన్స్ తుంచడం కూడా మానలేదు.

డిసెంబర్ మొదటి శనివారం రంగులని గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. దాని కింద ఇంకొకటి, జ్ఞానమ్మగారు నీలిమందు తేగలరా అని. వెళ్లాం. పదిమంది రావాల్సిన చోట ఆరుగురు వచ్చారు. ఒకామె నా చేతికి బ్రష్ ఇచ్చింది, ముఖం వంక చూడకుండా. అత్తయ్య మెట్లు దిగి స్టూల్ మీద కుదురుకుని, గిన్నెలో లప్పం కలుపుకున్నారు. పాత పగులు మెట్రోవాళ్లు నున్నగా పూడ్చేశారు. కిటికీకి అటుపక్క సన్నగా ఇంకో గీత ఉంది, వెంట్రుకంత. అది కొత్తదో, లేక ఎప్పటినుంచో ఉండి మేం చూడనిదో తెలియదు. ఆవిడ చాకుతో లప్పం తీసుకున్నారు.

"ఆగమ్మా."

లెవి ఎప్పుడు వచ్చారో చూడలేదు. సెప్టెంబర్ తర్వాత ఆయన లోపలికి రావడం అదే. బూట్లు పైన వదిలేసినట్టున్నారు, మేజోళ్లతో ఉన్నారు. చొక్కా జేబులోంచి పెన్సిల్ తీసి, ఆ గీత రెండు కొసలా అడ్డగీతలు గీసి, పక్కన తేదీ వేశారు. ఫోన్‌తో ఒక ఫోటో తీశారు. తీసి కాసేపు ఫోన్‌లో ఏదో చేశారు. గదిలో ఆరుగురి ఫోన్లూ ఒకదాని తర్వాత ఒకటి చిన్నగా మోగాయి. ఎవరూ తీసి చూడలేదు.

"ఇప్పుడు పూయి," అన్నారు.

అత్తయ్య కళ్లజోడు సవరించుకుని గోడ మీద పెన్సిల్ రాతల వంక అయిష్టంగా చూశారు.

"ఈ అంకెల మీద కూడా పూసెయ్యనా?"

"వద్దు, వాటిని ఉండనీ."

ఆవిడ లప్పం చాకు పక్కకి వంచి తేదీ చుట్టూ పూశారు.